చెక్క పెట్టెకు తాళం అమర్చడం ఎలా?

ఇంట్లో పెద్దల ఉత్తరాలో, పాత ఫొటోలో, పసివాళ్ల మొలతాటి మువ్వలో దాచుకున్న చెక్క పెట్టెకు తాళం ఉంటే బాగుంటుందన్న ఆలోచన రాగానే ఎవరైనా మొదట హార్డ్‌వేర్ దుకాణానికి బయలుదేరతారు. నన్నడిగితే, అంతకంటే ముందు పెట్టెను వెనక్కి తిప్పి బందులు చూడాలి. మూత మూసి, దాన్ని రెండు పక్కలా పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా కదిపితే, బందులు వదులైన పెట్టెలో మూత ఒకటి రెండు మిల్లీమీటర్లు జరగడం చేతికే తెలుస్తుంది. తాళం లోపలి గడియకూ అది పట్టుకోవలసిన కొక్కేనికీ మధ్య ఉండే వెసులుబాటు అంతకంటే తక్కువ కాబట్టి, అటువంటి పెట్టెకు ఎంత మంచి తాళం అమర్చినా ఇవాళ పడుతుంది, రేపు పడదు. కొత్త తాళం మొరాయిస్తోందని చుట్టుపక్కలవాళ్లు నా దగ్గరకు తెచ్చిన పెట్టెలలో చాలావాటికి నేను తాళాన్ని ముట్టుకోనేలేదు. బందుల స్క్రూలు బిగించి ఇచ్చేశాను.

స్క్రూ ఎంత తిప్పినా బిగియక ఊరికే తిరుగుతూ ఉంటే దాని రంధ్రం అరిగిపోయిందని అర్థం. అప్పుడు స్క్రూ తీసేసి, మందు తలలు విరిచిన అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో బిగుతుగా దూర్చి, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. మర్నాడు పైకి మిగిలిన ముక్కలను ఉలితో సమంగా చెక్కేసి, సన్నని బిట్టుతో కొత్త రంధ్రం వేసి, అదే స్క్రూను తిరిగి బిగించాలి. లావు స్క్రూ తెచ్చి వేయడం తేలికైన దారిగా కనిపిస్తుంది గాని, దాని తల బందులోని గుంటలో పూర్తిగా దిగక, మూత మూసినప్పుడల్లా అడ్డుపడుతుంది.

ఇక ఎలాంటి తాళం వేయాలన్న విషయం. బంగారం దాచుకోవడానికి బ్యాంకు లాకరు ఉంది. అర అంగుళం మందం ఉన్న చెక్కకు ఎంత గట్టి తాళం వేసినా స్క్రూడ్రైవరుతో వచ్చినవాణ్ణి అది ఆపలేదు. ఈ తాళం పిల్లల చేతుల నుంచీ, సెలవులకు వచ్చి ‘ఇందులో ఏముందబ్బా’ అంటూ మూత ఎత్తే చుట్టాల నుంచీ కాపాడటానికి మాత్రమే. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తాళం ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే అప్పుడు మనం చూడవలసింది బలం కాదు, పెట్టె అందం చెడకుండా అందులో ఏది ఇముడుతుందన్నదే.

కొన్ని పెట్టెలకు అసలు తాళం వేయకపోవడమే మంచిది. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులు అద్దిన ఏటికొప్పాక భరిణెలు గుండ్రంగా ఉంటాయి, వాటి మూత బిగుతు మీదే నిలుస్తుంది. తాళానికి అక్కడ చోటే లేదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి వంటి తేలిక చెక్కతో చేసిన పెట్టెలలో స్క్రూ నిలవదు. నాలుగుసార్లు తాళం తీసి వేస్తే మర ఊడి వచ్చేస్తుంది. నిర్మల్ చిత్రాలు వేసిన పెట్టె అయితే చెక్క గట్టిదే అయినా, ముందు పలక మీద రంధ్రం వేయగానే రంగు పొర పెచ్చులుగా లేచిపోయే ప్రమాదం ఉంది. ఇటువంటివాటిని యథాతథంగా ఉంచి, తాళం ఉన్న మరో పెద్ద పెట్టెలో దాచుకోవడం మేలు.

టేకు, వేప, మామిడి, ఇరుగుడు చెక్కల పెట్టెలకు మూడు మార్గాలున్నాయి. మొదటిది బయట గొళ్లెం బిగించి చిన్న తాళంకప్ప వేయడం. గోడ మందం 10 మి.మీ. కంటే తక్కువైతే ఇదే సరైనది. గొళ్లెం కొనేటప్పుడు, మూసినప్పుడు దాని రేకు తన స్క్రూలను తానే కప్పేసే రకాన్ని ఎంచుకోవాలి. లేకపోతే తాళాన్ని ముట్టుకోకుండానే గొళ్లేన్ని విప్పేయవచ్చు. స్క్రూ పొడవు గోడ మందం కంటే తక్కువగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు గాని, లోపలికి పొడుచుకు వచ్చిన మొనకు ఉత్తరాలు చిరిగిన పెట్టెలు చూశాను కాబట్టి చెబుతున్నాను. రెండవది కామ్ లాక్, అంటే ఆఫీసు టేబుళ్లకూ పోస్టు డబ్బాలకూ ఉండే గుండ్రని తాళం. దానికి 19 లేక 20 మి.మీ. రంధ్రం ఒక్కటి వేసి, లోపల నట్టు బిగించి, దాని నాలుక పట్టుకోవడానికి మూత లోపలి వైపు ఎల్ ఆకారపు పట్టీ ఒకటి అమర్చితే చాలు. పని అరగంటలో అయిపోతుంది. కాని తాతల కాలం నాటి టేకు పెట్టె ముఖాన మెరిసే ఆ గుండ్రని బిళ్ల చూస్తే నాకు మాత్రం పంచెకట్టు మీద టై కట్టినట్టు ఉంటుంది.

మూడవది పెట్టె గోడలోనే దాగి ఉండి, బయటికి తాళంచెవి రంధ్రం మాత్రమే కనిపించే ఇత్తడి తాళం. ఈ వ్యాసంలో మిగిలినదంతా దాని గురించే. ఇది రెండు భాగాలుగా వస్తుంది. పెట్టె ముందు గోడలో ఇమిడే తాళం ఒకటి, మూతకు అడుగున బిగించే పట్టీ మరొకటి. పట్టీకి కిందికి వేలాడే కొక్కేలు ఉంటాయి; మూత మూయగానే అవి తాళం పైభాగంలోని గాళ్లలోకి దిగుతాయి, తాళంచెవి తిప్పగానే లోపలి గడియ పక్కకు జరిగి వాటిని పట్టుకుంటుంది. ‘పక్కకు’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఉత్తరాదిన అలీగఢ్, తమిళనాడులో దిండిగల్ తాళాల తయారీకి పేరుపడ్డ ఊళ్లు. అక్కడి సరుకు మన దుకాణాలకూ వస్తుంది గాని, ‘చిన్న పెట్టె తాళం’ అని అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది సొరుగు తాళం. పైకి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. సొరుగు తాళంలో గడియ నిటారుగా పైకి లేస్తుంది. సొరుగు ముందుకు వస్తుంది కాబట్టి పైకి లేచిన గడియ దాన్ని ఆపుతుంది. పెట్టె మూత కూడా పైకే లేస్తుంది కాబట్టి అదే గడియ దాన్ని ఆపలేదు. దుకాణంలోనే తాళంచెవి తిప్పి, గడియ ఎటు కదులుతోందో చూసి, కొక్కేల పట్టీ జతగా ఉందో లేదో సరిచూసుకుని డబ్బు ఇవ్వాలి.

కొనేముందే పెట్టె గోడ మందాన్ని కొలుచుకోవాలి. నేను ఇటీవల చేసిన పెట్టె టేకుది, పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 12 సెం.మీ., గోడ మందం 15 మి.మీ. దానికి వేసిన తాళం వెడల్పు 50 మి.మీ., వెనుక రేకుతో కలిపి మందం 9 మి.మీ. అంటే గూడు చెక్కాక ముందు వైపు 6 మి.మీ. చెక్క మిగిలింది. ఇది 4 మి.మీ. కంటే తగ్గేటట్లయితే ఆ తాళం వద్దు. ఉలి దెబ్బకో, తర్వాత ఎప్పుడో తాళంచెవి గట్టిగా తిప్పినప్పుడో పలక పగులుతుంది. లోపల వెల్వెట్ గుడ్డ అంటించి ఉంటే దాని మందం కూడా లెక్కలోకి వస్తుంది. తాళం వచ్చే మేర గుడ్డను బ్లేడుతో మూడు వైపులా కోసి, కిందికి మడిచి ఉంచుకుంటే పని అయ్యాక తిరిగి అంటించవచ్చు.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. 6, 12 మి.మీ. వెడల్పు ఉన్న రెండు ఉలులు, కొయ్య సుత్తి, మూలమట్టం, పదునైన చాకు, సన్నని ఆకురాయి, డ్రిల్లింగ్ మిషన్ గాని చేతి బర్మా గాని ఉంటే చాలు. అయితే ఉలి పదును విషయంలో రాజీ కుదరదు. చేతి మీద వెంట్రుకలు గొరిగేంత పదును లేని ఉలి చెక్కను కోయదు, నలుపుతుంది. నలిగిన అంచు తాళం చుట్టూ జీవితకాలం కనిపిస్తుంది.

ముందు మూతను బందుల నుంచి విప్పి పక్కన పెట్టాలి. పెట్టె ముందు గోడ మీద, పైఅంచు మీద, లోపలి వైపున మాస్కింగ్ టేపు అంటించి, గోడ పొడవులో సరిగ్గా సగం దగ్గర మూలమట్టంతో ఒకే గీతను మూడు ముఖాల మీదుగా తీసుకురావాలి. ఇక్కడొక మెలిక ఉంది. బోలుగా ఉండే తాళంచెవి కాడ తొడుక్కుని తిరిగే సన్నని కడ్డీ అన్ని తాళాలలోనూ నడిమధ్యన ఉండదు. కొన్నింటిలో రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉంటుంది. పెట్టె మధ్యగీత మీదికి రావలసింది ఆ కడ్డీ, తాళం మధ్యభాగం కాదు, ఎందుకంటే బయటికి కనిపించేది తాళంచెవి రంధ్రం ఒక్కటే.

తర్వాత తాళం పైపట్టీ (గాళ్లు ఉన్న పైభాగపు రేకు) ఉపరితలం నుంచి కడ్డీ కేంద్రం దాకా ఎంత దూరం ఉందో కొలవాలి. నా తాళంలో అది 16 మి.మీ. ఆ కొలతను పెట్టె గోడ పైఅంచు నుంచి కిందికి తీసుకుని, మధ్యగీత మీద మొనతో గుచ్చి గుర్తు పెట్టాలి. ‘గోడ పైఅంచు నుంచి’ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి పెట్టెకు నేను మూత మూసి ఉంచి, మూత పైభాగం నుంచి కొలిచాను. మూత మందం 12 మి.మీ. అన్న సంగతి, రంధ్రం వేసి తాళాన్ని లోపల ఆనించి చూసేదాకా తట్టలేదు. ఉండవలసినదాని కంటే 12 మి.మీ. పైన, గోడ అంచుకు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పడిన ఆ రంధ్రాన్ని కప్పడానికి, తామరపువ్వు ఆకారంలో ఉన్న పెద్ద ఇత్తడి బిళ్ల కోసం వారం రోజులు తిరిగాను. చూసినవాళ్లంతా ఆ పువ్వు బాగుందంటారు.

గుర్తు మీద 6 మి.మీ. బిట్టుతో ముందు వైపు నుంచి రంధ్రం వేయాలి. లోపలి వైపున ఒక చెక్కముక్కను క్లాంపుతో గట్టిగా ఆనించి ఉంచితే, బిట్టు బయటపడే చోట పెచ్చు లేవదు. తాళంచెవి పన్ను ఎంత కిందికి వస్తుందో చూసుకుని, అక్కడ 3 మి.మీ. రంధ్రం ఇంకొకటి వేసి, రెండింటినీ ఆకురాయితో కలిపితే తాళంచెవి రంధ్రం ఆకారం వస్తుంది. ఆ రంధ్రాన్ని ఇప్పుడే పూర్తి వెడల్పుకు రాయకుండా కొంచెం బిగుతుగానే వదిలేయండి. తాళం కూర్చున్నాక తుది రూపు ఇవ్వవచ్చు.

ఇప్పుడు అసలు పని, గూడు చెక్కడం. పెట్టెను ముందు ముఖం కిందికి ఉండేలా, మడత పెట్టిన దుప్పటి మీద, దాని కింద గట్టి బల్ల ఉండేలా పడుకోబెడితే, చెక్కవలసిన లోపలి ముఖం మన కళ్లకు ఎదురుగా వస్తుంది. తాళం శరీరం వెడల్పు, ఎత్తు కొలిచి, మధ్యగీతకు అటూ ఇటూ చాకుతో గీతలు గాటు పెట్టాలి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, చాకు గాటుకు ఉండదు, పైగా ఉలి మొన ఆ గాటులో తనంత తాను కూర్చుంటుంది. ముందు గోడ చెక్కలో నార అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పోతుంది. అందుచేత ఎడమ, కుడి గీతల మీద ఉలిని నిలువుగా పెట్టి కొట్టినా భయం లేదు, అక్కడ ఉలి నారను అడ్డంగా తెంపుతుంది. అడుగు గీత అలా కాదు. అది నార వెంట ఉంటుంది కాబట్టి అక్కడ గట్టి దెబ్బ వేస్తే చీలిక గీత దాటి పక్కలకు పాకుతుంది. అక్కడ సుత్తి పక్కన పెట్టి, ఉలిని చేత్తోనే నొక్కుతూ లోతు తీసుకోవాలి. పక్క గీతలు తెంపిన తర్వాతే మధ్యలో చెక్కను పొరలు పొరలుగా లేపాలి. ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లకు మించకూడదు. లోతు తప్పకుండా ఉండటానికి నేను ఐస్‌క్రీం పుల్ల మీద లోతు గీత గీసుకుని, మధ్యమధ్యలో గూట్లో నిలబెట్టి చూసుకుంటాను. డ్రిల్‌తో ముందుగా చెక్క తోడేసేవారు బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ముందు పలకలో అక్కరలేని రెండో కన్ను తెరుచుకుంటుంది.

శరీరం గూట్లో దిగాక, తాళం పైపట్టీని గోడ పైఅంచు మీద ఆనించి పట్టుకుని, దాని చుట్టూ చాకుతో గీసి, పట్టీ మందం మేరకు మాత్రమే చెక్కాలి. పట్టీ పెట్టె అంచుతో సమంగా ఉండాలి. వేలితో తడిమితే లోహం నుంచి చెక్కలోకి జారినట్టు తెలియాలి తప్ప మెట్టు తగలకూడదు. ఇంత అయ్యాక కడ్డీ తనంతట తాను ముందరి రంధ్రంలో దూరుతుంది. దాని కొన ముందు పలక ముఖం దాటి బయటికి రాకుండా చూసుకోండి. చివరగా, తాళాన్ని స్థానంలో ఉంచి వెనుక రేకు అంచుల వెంట గీసి, ఆ రేకు మందం చెక్కితే తాళం లోపలి గోడతో సమంగా ఒదుగుతుంది. ఇన్ని కొలతలు ఎందుకు, అన్నీ మొదటే గీసేయవచ్చు కదా అనిపిస్తుంది. ఒక్కో మెట్టులోనూ తాళాన్నే అచ్చుగా వాడి గీస్తే, ముందరి మెట్టులో జరిగిన అర మిల్లీమీటరు పొరపాటు తర్వాతి మెట్టుకు దానంతట అదే సర్దుకుంటుంది; కాగితం మీది అంకెలు అలా సర్దుకోవు.

స్క్రూలు తాళంతో వచ్చిన ఇత్తడివే వాడాలి. ఇనుప స్క్రూలను టేకులో శాశ్వతంగా ఉంచితే, చెక్కలోని టానిన్‌కు ఇనుమూ తేమా తోడై స్క్రూ చుట్టూ నల్లటి మరక పాకుతుంది. కాని ఇత్తడి మెత్తన. గట్టి చెక్కలోకి నేరుగా తిప్పితే తల తెగి చేతిలోకి వస్తుంది, మొండెం చెక్కలో మిగిలిపోతుంది. దీనికి విరుగుడు, ముందుగా సన్నని రంధ్రం వేసి, అదే కొలత ఉన్న ఇనుప స్క్రూను ఒకసారి బిగించి తీసేయడం. అది మరలకు దారి చేస్తుంది. ఆ తర్వాత ఇత్తడి స్క్రూకు సబ్బు ముక్కో కొవ్వొత్తో రాసి తిప్పితే వెన్నలో దిగినట్టు దిగుతుంది.

తాళం బిగించాక మూతను తిరిగి బందులకు అమర్చాలి. కొక్కేల పట్టీని మూత మీద ఎక్కడ పెట్టాలో కొలిచి తెలుసుకోవడానికి ప్రయత్నించకండి, తాళమే చెబుతుంది. పట్టీని తాళంలోకి దించి, తాళంచెవి తిప్పి, గడియ దాన్ని పట్టుకునేలా చేయాలి. మూత అడుగున ఆ చోట మాస్కింగ్ టేపు అంటించి, పట్టీ పైభాగానికి తడి కుంకుమ పలుచగా రాసి, మూతను మెల్లగా మూసి ఒత్తితే టేపు మీద పట్టీ అచ్చు పడుతుంది. టేపు లేకుండా చేస్తే కుంకుమ చెక్కలోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక వదలదు, జాగ్రత్త. ఆ అచ్చు చుట్టూ చాకుతో గాటు పెట్టి, టేపు తీసి, పట్టీ మందం మేరకు చెక్కి, మొదట ఒక్క స్క్రూతోనే బిగించి తాళం వేసి చూడాలి. కొక్కెం తాళం గాడి అంచుకు ఎక్కడైనా రాసుకుంటుంటే అక్కడ ఇత్తడి మీద గీత మెరుస్తుంది. పట్టీని ఒక వెంట్రుక వాసి జరిపి, రెండో స్క్రూ అప్పుడు వేయాలి.

ఎటు జరపాలన్నది ఋతువును బట్టి ఉంటుంది. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంట దాదాపు ఉబ్బదు. మూతలో నార సాధారణంగా ఎడమ నుంచి కుడికి ఉంటుంది కాబట్టి, వానాకాలంలో మూత ముందుకు పెరుగుతుంది. 20 సెం.మీ. వెడల్పు ఉన్న మూత ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య మిల్లీమీటరు దాకా తేడా చూపవచ్చు. టేకు తక్కువగానే కదులుతుంది, ప్లైవుడ్డు దాదాపు కదలదు. అందుచేత ఏప్రిల్, మే నెలల్లో తాళం అమర్చేవారు కొక్కేన్ని గాడిలో కాస్త వెనక్కి, ఆగస్టులో అమర్చేవారు కాస్త ముందుకు ఉండేలా పట్టీని బిగించుకోవాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ల నుంచి పెట్టెను హైదరాబాదు తీసుకువెళ్లేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ముందు ముఖం మీద తాళంచెవి రంధ్రానికి ఇత్తడి బిళ్ల బిగించడం అలంకారం కోసమే కాదు. బిళ్ల లేని రంధ్రం అంచులు ఏడాది తిరిగేసరికి తాళంచెవి గీతలతో గరుకెక్కుతాయి. బిళ్ల మేకులు చాలా చిన్నవి, వేళ్ల మధ్య నిలవవు. ఒక అట్టముక్కకు గుచ్చి, అట్టతో పట్టుకుని సగం కొట్టి, ఆ తర్వాత అట్ట చింపేయండి. చెక్కినచోట తెల్లగా కనిపించే పచ్చి చెక్కకు కొంచెం లక్క పాలిష్ అద్దితే తేమ లోపలికి పోదు.

తాళం గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె వేయడం మన ఇళ్లలో అలవాటే. కొన్ని నెలలకు ఆ నూనె దుమ్ముతో కలిసి జిగురవుతుంది, అప్పుడు తాళం ఇంకా మొండికేస్తుంది. మెత్తని పెన్సిల్ ములుకును సాండ్‌పేపరు మీద అరగదీసి, ఆ నల్లటి పొడిని తాళంచెవి పన్నుకు అద్ది నాలుగుసార్లు తిప్పితే సరిపోతుంది.

జతగా వచ్చిన రెండో తాళంచెవిని పెట్టెలో కాక వేరేచోట దాచండి. ముసురు రోజుల్లో తాళం తెరుచుకోకపోతే తాళంచెవిని బలవంతంగా మెలితిప్పవద్దు. ఎడమ అరచేత్తో మూత ముందు అంచును కిందికి గట్టిగా అదిమి పట్టి, కుడిచేత్తో మెల్లగా తిప్పితే, కొక్కెం మీది ఒత్తిడి తగ్గి గడియ వెనక్కి జరుగుతుంది.